నీళ్ళడిగిన రీలు

సినిమా కంపెనీలో పనిచేశానంటే చాలు, ఇప్పటి పిల్లలు కుర్చీ దగ్గరకు లాక్కుంటారు. "ఏ హీరోయిన్‌ను దగ్గరగా చూశారు తాతా?" అన్నది మొదటి ప్రశ్న. చూశాను. మూడడుగుల దూరం నుంచి చూశాను. ఆ సంగతి చెప్పకుండా, షూటింగుల్లో భోజనాలు ఎలా ఉండేవో చెప్పి ఇన్నేళ్ళూ తప్పించుకుంటూ వచ్చాను. ఎనభై దాటాక తప్పించుకోవడం కూడా బరువైపోయింది. అందుకని రాస్తున్నాను.

మా కంపెనీ సినిమాలు తీసేది కాదు, తీసేవాళ్ళకు పెట్టుబడి ఇచ్చేది. బీదర్‌లో సినిమా పెట్టుబడి ఏమిటని నవ్వకండి, అప్పట్లో మేమూ నవ్వాం. పోలీసు చర్య అయిపోయి, హైదరాబాదు రాజ్యం మూడు ముక్కలై, మా జిల్లా మైసూరు రాష్ట్రం పంచన చేరిన తర్వాతి కాలం. ఊరి ధాన్యం బజారైన గంజ్‌లో ఒక తెలుగు సావుకారుకు పప్పుల టోకు దుకాణం ఉండేది. మద్రాసు సేట్లు గడప తొక్కనివ్వని చిన్న నిర్మాతలు కథలు చంకన పెట్టుకుని తిరుగుతున్నారని ఎవరో ఆయన చెవిన వేస్తే, "రమ్మను" అన్నాడట. కంపెనీ అలా పుట్టింది. వెనక బ్యాంకు లేదు, పెద్ద పంపిణీదారుల అండ లేదు. దుకాణం వెనక గదిలో ఒక బల్ల, ఒక రబ్బరు ముద్ర, నేను. నా హోదా మున్షీ.

సావుకారుకు రెండు నియమాలు ఉండేవి. మొదటిది, సినిమావాళ్ళ మొహం చూడడు. ఎంతటి నిర్మాత వచ్చినా బస్తాల వెనక కూర్చుని నా నోటితోనే మాట్లాడేవాడు. "మొకం సూస్తె మొహమాటం పుడ్తది మున్షీ. మొహమాటం పుట్టినంక యాపారం సస్తది" అనేవాడు. అందుకని షూటింగు జరిగినన్నాళ్ళూ కంపెనీ మనిషిగా నేను అక్కడుండి, సాయంత్రం పూట ఆ రోజు సంగతులు చీటీ రాసి పంపాలి. ఆ చీటీని బట్టే ఆయన డబ్బు వదలడమో బిగించడమో చేసేవాడు.

రెండోది పచ్చి ప్రింటు. ఆ పేరు ఆయన పెట్టిందే. కందిపప్పు కొనేవాడు బస్తాలోకి పరఖీ గుచ్చి, అడుగున ఉన్న గింజలు గుప్పెడు బయటికి లాగి చూస్తాడు. సినిమాకూ అదే పరీక్ష పెట్టాడు. షూటింగు కాగానే, వెనక సంగీతం కలపకముందే, షాట్ల తోకలైనా సరిగా కత్తిరించకుండా, మాటలతో మాత్రం ఒక ప్రింటు తీయించేవాడు. దాన్ని పల్లెలో డేరా టాకీసులో వేయించి, నేల మీద కూర్చున్న జనం ఎక్కడ నవ్వారో, ఎక్కడ బీడీలు ముట్టించారో నన్ను చూసి రమ్మనేవాడు. ఆఖరి విడత డబ్బు ఆ తర్వాతే. మద్రాసువాళ్ళు ఈ తంతు చెప్పుకుని పడీపడీ నవ్వేవారట. కానీ ఆ పరీక్ష నెగ్గిన మూడు సినిమాలూ ఆడాయి. నవ్వినవాళ్ళే తర్వాత మా దుకాణం మెట్లెక్కారు.

నాలుగోది జానపదం. సెట్ల ఖర్చు లేకుండా మా కోటలోనే తీద్దామన్నారు. ఎండాకాలం. మొరం నేల పొద్దున్నే కాలడం మొదలుపెట్టేది. కథానాయిక నాటకాల నుంచి వచ్చిన అమ్మాయి. మన జహీరాబాద్ వైపు పిల్లే. పాతికేళ్ళు ఉండవు. వెంట తల్లి ఉండేది. ఆ పిల్ల రాణి వేషంలో గ్రాంథికం దంచుతుంటే కోట బురుజులు మారుమోగేవి. పక్క ఊళ్ళ నుంచి జనం బండ్లు కట్టుకుని వచ్చి చూసేవారు.

షూటింగులో నా కుర్చీ ఎప్పుడూ కెమెరా పక్కన, పెద్ద గొడుగు కింద. తాగే నీళ్ళ కుండ కూడా అక్కడే పెట్టేవారు, కోట మైదానంలో వేరే నీడ లేదు కాబట్టి. కంపెనీ మనిషినంటే అందరికీ నవ్వు మొహం, లోపల మంట. నాకు అది తెలుసు. తెలిసి కొంచెం గర్వపడేవాణ్ణి కూడా. ఇరవై ఆరేళ్ళవాడికి అంత అధికారం ఇవ్వకూడదు.

ఒక సాయంత్రం ప్రొడక్షన్ మేనేజరు వచ్చి, హీరోయిన్‌కు ఒళ్ళు బాగాలేదనీ, రెండు రోజులు ఆపి డాక్టరును పిలిపిద్దామనీ అన్నాడు. పని ఆగాలంటే కంపెనీ ఒప్పుకోవాలి. నేను చీటీ రాశాను. గంటలో సావుకారు నుంచి తిరుగు చీటీ వచ్చింది. అందులో ఒక్కటే ప్రశ్న. "నిజమా, నఖరానా?"

మీకు ఇక్కడ ఒకటి చెప్పాలి. మా పనిలో జ్వరానికి వేరే అర్థం ఉండేది. నటులకు రావలసింది నిర్మాత నొక్కిపెడితే జ్వరం వచ్చేది, ఇచ్చేస్తే దిగిపోయేది. మూడు సినిమాల్లో అలాంటి నఖరా జ్వరాలు, ఉత్త వేషాలు, నేను అరడజను చూశాను. పైగా ఆ పొద్దున్నే ఆ పిల్ల పచ్చి మామిడి ముక్కకు ఉప్పూ కారం అద్దుకుని తింటూ, ఎవరి మాటకో నవ్వుతుండగా చూశాను. నా తెలివి మీద నాకున్న నమ్మకం చెప్పనలవి కాదు. కాగితం వెనక్కి తిప్పి "నఖరా" అని రాసి పంపాను. డాక్టరు రాలేదు. పని ఆగలేదు. మరో మూడు రోజుల్లో కోట షూటింగు ముగించారు. తల్లీకూతుళ్ళు బస్సెక్కి వెళ్ళిపోయారు. పది రోజులు తిరగకముందే ఆ పిల్ల చనిపోయింది. పేపర్లో నాలుగు వరుసలు వేశారు, ఫోటోతో.

నేను ఏడ్చానా? లేదు. టైఫాయిడ్ అన్నారు, ఆయుష్షు తీరిందనుకున్నాను. చీటీ సంగతి ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

పచ్చి ప్రింటు వచ్చింది. పరీక్షకు దుబల్గుండి అనే పల్లె అనుకున్నాం. సంత రోజు, పొద్దుగూకగానే మొదటాట. డేరా కిక్కిరిసింది. షూటింగు చూసినవాళ్ళే సగం మంది. హీరోయిన్ పోయిందని అందరికీ తెలుసు. ఆమె తెర మీదికి వచ్చినప్పుడల్లా ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకుంటున్నారు. సంగీతం లేదు కదా, మాటకూ మాటకూ మధ్య డేరా గుడ్డ గాలికి కొట్టుకునే చప్పుడు తప్ప ఏమీ వినపడదు.

ఎనిమిదో రీలులో రాణి చీకటి దర్వాజాలోంచి బయటికి వచ్చి, భర్తను పిలుస్తూ పెద్ద మాట చెబుతుంది. చెప్పింది. అక్కడితో షాట్ అయిపోయింది. కానీ కెమెరా ఆపవలసిన మనిషి ఆ రోజు ఒక క్షణం ఆలస్యం చేసినట్టున్నాడు, పచ్చి ప్రింటు కాబట్టి ఆ తోక ఎవరూ కోయలేదు. రాణి భుజాలు జారిపోయాయి. పొడి దగ్గు దగ్గింది. తల ఎత్తి సూటిగా మా వైపు చూసింది. అంతసేపూ గ్రాంథికం మాట్లాడిన మనిషి, మన ఇళ్ళలో మాటతో, సన్నగా, "నీళ్ళు... ఎవలన్న జరన్ని నీళ్ళియ్యున్రి" అంది.

తర్వాతి షాట్ యుద్ధం. ఎవరూ దాన్ని చూడలేదు. నేల క్లాసులోంచి ఒక కన్నడ ముసలమ్మ లేచింది. "నీర్ కేళ్తాళ, యారూ కొడల్లేన్రీ?" అంది. నీళ్ళడుగుతోంది, ఎవరూ ఇవ్వరా అని. పక్కనున్న చెంబు తీసుకుని జనం కాళ్ళ మధ్య నుంచి తెర దాకా నడిచి, తెర మొదట్లో నీళ్ళు వంచింది. ఆమె వెనక ఒక తెలుగు ఆవిడ లేచింది. "సచ్చినోళ్ళు అడిగితె లేదనొద్దు" అంటూ తనూ పోసింది. తర్వాత ఎంతమంది లేచారో నేను లెక్కపెట్టలేదు.

దెయ్యాలంటే నాకు ఎప్పుడూ భయం లేదు. నన్ను భయపెట్టింది వేరే. ఆ షాట్ తీసినప్పుడు నేను అక్కడే ఉన్నాను. గొడుగు కింద, కుండ పక్కన. ఆమె చూసిన వైపే కూర్చున్నాను. కానీ ఆమె నీళ్ళడిగినట్టు నాకు జ్ఞాపకం లేదు. ఎంత తవ్వుకున్నా రాలేదు. ఆ మాట మొదటిసారి దుబల్గుండి డేరాలో విన్నాను.

తెల్లారి సావుకారుకు అంతా చెప్పాను. ఆయన కందిగింజలు అరచేతిలో దొర్లిస్తూ విన్నాడు. "పోసినరా? అందరు పోసినరా?" అని రెండుసార్లు అడిగాడు. తర్వాత, "ఆ ముక్క కొయ్యొద్దని మద్రాసుకు రాయి" అన్నాడు.

సినిమా ఆ ముక్కతోనే విడుదలైంది. మా పక్క తిరగడానికి నాలుగు ప్రింట్లు. వాటి పెట్టెలతో ఊరూరూ తిరిగే పని నాదే. కమలనగర్‌లో మరాఠీ ఆడవాళ్ళు రాగి చెంబుల్లో తులసాకు వేసి తెచ్చారు. ఎవరు చెప్పారు వాళ్ళకు? పత్రికలో రాలేదు, దండోరా వేయలేదు. మేం వెళ్ళేసరికే ప్రతి ఊరికీ సంగతి తెలిసి ఉండేది. జనం నీళ్ళు పట్టుకుని సినిమాకు రావడం లోకంలో ఎక్కడైనా ఉందో లేదో నాకు తెలియదు. కంపెనీకి మాత్రం పేరు మోగిపోయింది. హైదరాబాదు నుంచి నిర్మాతలు కార్లలో దిగుతున్నారు. వెనక గదికి సున్నం వేయించి, నాకొక ఫ్యాను పెట్టించారు.

ఫ్యాను కింద కూర్చున్నా నాకు చెమట ఆరేది కాదు. కమలనగర్‌లో ఒక తెల్లవారుజామున తెర తీసి చుట్టబెడుతున్న మనిషి నన్ను పిలిచాడు. "ఇటు సూడున్రి మున్షీ సాబ్. రాత్రి గిన్ని నీళ్ళు పోసిన్రు, నేల సూడున్రి" అన్నాడు. తెర కింద నేల పొడిగా ఉంది. చుట్టూ జనం తొక్కిన చోట బురద ఉంది. మొరం నేల నీళ్ళను ఇట్టే పీల్చేస్తుందని అతనికి చెప్పాను. అతను తలూపాడు కానీ, ఆ గుడ్డను మడిచేటప్పుడు చెప్పులు విప్పాడు.

మా పెట్టెల వెంట తిరిగే ప్రొజెక్టరు ఆపరేటరు ఇంకొకటి మొదలుపెట్టాడు. ఎనిమిదో రీలు ఎక్కించే ముందు మెషీను పక్కన గ్లాసుడు నీళ్ళు పెట్టేవాడు. ఆ ముక్క రోజురోజుకూ పొడుగవుతోందని నా చెవిలో చెప్పాడు. నవ్వి, గడియారం పెట్టి చూశాను. ఒక ఊళ్ళో పదకొండు సెకన్లు, మరో ఊళ్ళో పద్నాలుగు. జనరేటరు మందగిస్తే మెషీను నెమ్మదిస్తుంది, అంతకంటే ఏమీ లేదు. ఈ మాట నేను వాడికి గట్టిగా చెప్పాను. ఆ రాత్రి నుంచి గడియారం మాత్రం చూడలేదు.

రోజుకు రెండాటలు. రెండుసార్లూ ఆమె తలెత్తి నా వైపే చూసేది. ఎక్కడ కూర్చున్నా అంతే.

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం ఆ పిల్ల తల్లి మా దుకాణానికి వచ్చింది. చిక్కి సగమైపోయింది. ఆమె గొంతు వినగానే సావుకారు బస్తాల వెనక్కి జరిగాడు, నియమం ప్రకారం. ఆమె మెట్టు మీద కూర్చుని నాతో చెప్పింది.

"మున్షీ సాబ్, నాకు పైసలొద్దు. నా బిడ్డకు రావల్సినై గూడ మీరే ఉంచుకోన్రి. ఆ నీళ్ళ ముక్క తీసేయున్రి. మీరు దినాం రెండుమాట్ల దానికి దూప పెడ్తున్నరు, నీళ్ళకు ఏడ్పిస్తున్నరు. ఊరూరు తిప్పి అడుక్కునేటట్టు చేస్తున్నరు. పోయిన పిల్ల, దాన్ని పోనియ్యున్రి."

నేను లోపలికి వెళ్ళి చెప్పాను. సావుకారు అదే ప్రశ్న వేశాడు.

"నిజమా, నఖరానా?"

"నిజం సావుకార్."

దుర్మార్గుడు కాదు ఆయన, ఆ మాట ఇప్పటికీ అంటాను. పండక్కి మా ఇంటికి బియ్యం పంపినవాడు. కానీ ఆ రోజు ఆయన అన్నది ఇది. "నిజమైతె ఇంక మంచిది. నిజం ఉండబట్టే జనం వస్తున్నరు. ఆ తల్లికి ఇచ్చేది ఇచ్చి పంపు."

ఆమె ఏమీ తీసుకోలేదు. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఎండలోకి వెళ్ళిపోయింది. నాకు సిగ్గేసింది. ఇంత పెద్ద మాట ఇంత ఆలస్యంగా రాస్తున్నందుకు ఇప్పుడు కూడా వేస్తోంది.

నెగటివు మాకు తాకట్టులో ఉండేది. కంపెనీ ముద్రతో ఉత్తరం వెళితే మద్రాసు ల్యాబువాళ్ళు మారు మాట్లాడరు. ఆ ముద్ర నా సొరుగులో ఉండేది. ఆ ముక్కను నెగటివులోంచి తీసి నా పేర బీదర్‌కు పంపమని ఉత్తరం రాశాను. కింద సావుకారు సంతకం పెట్టాను. అది దొంగ సంతకం, వేరే పేరేమీ లేదు. నాలుగు ప్రింట్లూ దుమ్ము తుడవడానికి మా దగ్గరికి వచ్చినప్పుడు ఆపరేటరు చేత ఒక్కొక్కటీ కోయించాను. వాడు బ్లేడు పట్టుకునే ముందు దండం పెట్టుకున్నాడు. ఎందుకని నన్ను అడగలేదు.

ఆ తర్వాతి ఆట సంతపూర్‌లో. ఔరాద్ వైపు పల్లెలన్నీ కదిలొచ్చాయి. డేరా గుడ్డలు ఎత్తి కట్టి, బయట కూడా జనాన్ని కూర్చోబెట్టారు. ఎక్కడ చూసినా చెంబులు, బిందెలు, పిల్లల చేతుల్లో మూతలు. ఎనిమిదో రీలు వచ్చింది. జనం సర్దుకుని కూర్చున్నారు. రాణి దర్వాజాలోంచి వచ్చి పెద్ద మాట చెప్పింది. వెంటనే గుర్రాలు, కత్తులు, యుద్ధం.

కుర్చీలు విరుగుతాయని, నన్ను తంతారని అనుకున్నాను. పారిపోవడానికి వీలుగా అంచున నిలబడ్డాను కూడా. ఎవరూ కేక వేయలేదు. సినిమా చివరిదాకా నడిచింది, శుభం పడింది, లైట్లు వేశారు. ఒక్కరూ లేవలేదు. అంతమంది, ఒళ్ళో నిండు చెంబులు పెట్టుకుని, ఖాళీ తెర వైపు చూస్తూ కూర్చున్నారు. చంటిపిల్లలు కూడా ఏడవలేదు. ఎంతసేపో తెలియదు. చివరికి ఒక ముసలాయన లేచి నా దగ్గరికి వచ్చాడు.

"పిల్ల ఏది బిడ్డా?" అన్నాడు.

"ఏ పిల్ల?"

"నీళ్ళడిగే పిల్ల. ఏడ పెట్టిన్రు దాన్ని?"

ఆయన ప్రింటు పెట్టె దాకా వెళ్ళి, వంగి, లోపలికి తొంగి చూశాడు. తర్వాత చెంబు అక్కడే దించి వెళ్ళిపోయాడు. వెనక వచ్చినవాళ్ళు కూడా అలాగే చేశారు. వాళ్ళు వెళ్ళేసరికి పెట్టె చుట్టూ కాలు పెట్టే జాగా లేదు.

మర్నాడు రెండో ఆటకు పది మంది రాలేదు. వారంలోపు మిగతా డేరాలూ ఖాళీ. ఈ కబురు కూడా మాకంటే ముందే ఊళ్ళు చేరింది.

సావుకారుకు నిజం తెలియడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. నన్ను బస్తాల వెనక్కి పిలిచాడు. కొడతాడనుకున్నాను. "ముక్క ఏదిరా?" అని మాత్రం అడిగాడు. ఇవ్వనన్నాను. పోలీసులకు పట్టిస్తానన్నాడు, పట్టించలేదు. ముద్ర లాక్కుని, దుకాణం మెట్లు ఎక్కవద్దన్నాడు. తర్వాతి సినిమాలో ఇంకో హీరోయిన్‌తో నీళ్ళడిగించాడని విన్నాను. దుబల్గుండిలో పరీక్షకు వేస్తే జనం విరగబడి నవ్వారట. ఆపైన ఏది ముట్టినా నష్టమే. రెండేళ్ళు తిరగకుండానే వెనక గదిలోకి మళ్ళీ పప్పు బస్తాలు వచ్చాయి. అంత ఎదిగిన కంపెనీ ఎందుకు పడిందని అడిగినవాళ్ళకు, సినిమా వ్యాపారం అంతే అని చెప్పేవాణ్ణి. నా వల్లే పడిందని ఇక్కడే మొదటిసారి ఒప్పుకుంటున్నాను.

ఉద్యోగం పోయిన మూడో రోజు జహీరాబాద్ బస్సెక్కాను. నెగటివు ముక్కా, ప్రింట్లలోంచి కోసిన నాలుగు ముక్కలూ ఒక తగరపు డబ్బాలో పెట్టుకున్నాను. ఆమె ఒక్క గది ఇంట్లో ఉంటోంది. డబ్బా అందుకుని, మూత తీసి, ఒక ముక్కను కిటికీ వెలుగుకు పట్టుకుంది. వరసగా చిన్న చిన్న బొమ్మలు, అన్నిట్లోనూ ఆమె కూతురే. చాలాసేపు చూసింది.

వచ్చింది ఇవ్వడానికి మాత్రమే కాదు. దారి పొడుగునా మనసులో కూడబలుక్కున్నది చెప్పేశాను.

"అమ్మా, డాక్టర్ను రాకుంట చేసింది నేనే. సావుకారు అడిగితె నఖరా అని రాసింది నేనే. కుండ నా పక్కనే ఉండె. నీ బిడ్డ నీళ్ళడిగింది నాకు ఇనబడలే."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. ఆమె కిటికీ మీంచి కళ్ళు తిప్పలేదు.

"ఒళ్ళు కాల్తాంది అమ్మా అని పొద్దుగాల లేవకపోతుండె" అంది. "నఖరా జెయ్యకు, లే, పైసలు ఆపుతరు అన్న. మూడు దినాలు అదే మాటన్న. నువ్వు ఒక్కపారి రాసినవు బిడ్డా."

తర్వాత, నాకు కాదు, ఆ ముక్కకు చెబుతున్నట్టు మెల్లగా అంది.

"నేను ఆడ్నే గోడ నీడకు కూసున్న. నీకు ఇనబడలే. నాకు ఇనబడ్డది. ఎవలన్న ఇస్తరు తియ్యి అనుకున్న."

సాయంత్రం బస్సు దాకా ఇద్దరం ఆ గదిలోనే కూర్చున్నాం.